ఉపద్రవము, గడువు, ఉద్యోగి ఆస్తిపత్రము
(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రామ గ్రంథాలయపు పండుగలో ప్రభుత్వోద్యోగుల ఆస్తిపత్రములను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. కవిత్వమును గూర్చియో, పురాణమును గూర్చియో వినవచ్చినవారికి ఈ విషయము కొంత పొడిగా నుండుట నిజమే. కాని గడువు అను మాట గ్రంథాలయమునకు కొత్తది కాదు. పుస్తకము తీసికొనిపోయిన పాఠకుని పేరు, పుస్తకపు సంఖ్య, తిరిగి ఇయ్యవలసిన తేదీ రిజిస్టరులో నుండును. గెడ్డ పొంగి దారి తెగినయెడల, ఆలస్యముగ వచ్చిన పాఠకునివద్ద బుద్ధిగల గ్రంథపాలకుడు జరిమానా పుచ్చుకొనడు. అట్లని పుస్తకపు పేరును రిజిస్టరునుండి కొట్టివేయడు. ఈ రెండు పనులకును గల భేదమే నేటి విషయము.

ప్రభుత్వపు కొలువులో నున్నవాడు తనకున్న ఇల్లు, పొలము, బంగారము, బ్యాంకు నిలువ, అప్పులు ఏటేట వ్రాసి పై అధికారికి సమర్పింపవలెనను నియమము మన దేశమున చాలకాలముగ నున్నది. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమములు 1964లో వెలువడినవి. వాటిలో 9వ నియమమును బట్టి రాష్ట్రోద్యోగి ప్రతి సంవత్సరము జనవరి 15వ తేదీలోపల తన ఆస్తుల పట్టికను దాఖలు చేయవలెను. స్థిరాస్తిని కొనుటకు గాని అమ్ముటకు గాని ముందుగ ప్రభుత్వమునకు తెలుపవలెనను విధియు ఆ నియమముననే గలదు. కలెక్టరులు మొదలగు అఖిల భారత సర్వీసులవారికి 1968 నాటి నియమములు వేరుగ నున్నవి. వారి గడువు జనవరి 31. ఉద్యోగి జీతమెంతయో సర్కారునకు తెలియును. ఆ జీతముతో కొనదగినదెంతయో, నిజముగ కొన్నదెంతయో పక్కపక్కన పెట్టి చూచుటకే ఈ పట్టిక. ఒక్క ఏటి పట్టికవలన తెలియునది స్వల్పము. వరుసగ రెండేండ్ల పట్టికలను పోల్చినపుడే నడుమ చేరినదేమో కనబడును. వరుసలో ఒక ఏడు జారినచో ముందటి ఏడును, వెనుకటి ఏడును గూడ మూగబోవును.

ఇట్టి నియమమునకు ఉపద్రవమెదురైనపుడు ఏమి చేయవలెనను ప్రశ్న, అరకు లోయకును తూర్పు కనుమల మన్యమునకును ఊహాప్రశ్న కాదు. 2014 అక్టోబరు 12వ తేదీ, ఆదివారమునాడు, హుద్‌హుద్ అను పెనుతుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. గాలి వేగము గంటకు 180 కిలోమీటర్లని వాతావరణశాఖవారు లెక్కించిరి. సముద్రపు తుపాను కొండమీది వారికేమి చేయునని పూర్వము అనుకొనువారుండిరి. తీరముననే తన బలము వదలిపెట్టి, కొండకు వానగా మాత్రమే వచ్చునని వారి నమ్మకము. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులో ఆనాడు ఆ నమ్మకము నిలువలేదు. ఘాటు రోడ్లపై చెట్లు అడ్డముగ కూలినవి. కొండచరియలు విరిగినవి. విద్యుత్తు పోయెను, టెలిఫోనులు మూగబోయెను. కాఫీ తోటలలో నీడకొరకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వేళ్ళతో పెకలి కాఫీ మొక్కలమీదనే పడినవి. ఆ చెట్లను పట్టుకొని ప్రాకిన మిరియపు తీగలును వాటితోనే నేలగూలినవి. కాఫీ పండు కోత మన్యమున నవంబరునుండి జనవరివరకు సాగును. కోతకు నెలదినములున్నవనగా దెబ్బ తగిలెను. కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు; నీడచెట్టు పెరుగుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. కనుక ఆనాటి నష్టము ఒక పంటనష్టము కాదు, ఏండ్ల తరబడి ఆదాయపు నష్టము.

అట్టి దినములలో ఉద్యోగి స్థితి ఏమి? నిష్పక్షపాతముగ చూడవలెను. ముంచింగిపుట్టువంటి దూరపు మండలములో ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొందము. క్వార్టరు పైకప్పు రేకులు ఎగిరిపోయినవి. పెట్టెలోని కాగితములు తడిసి ముద్దయైనవి. ఆస్తిపత్రము నింపుటకు ఇంటి దస్తావేజు కావలెను, బ్యాంకు పాసుబుక్కు కావలెను, బీమా పాలసీ కావలెను, భార్యకు పుట్టింటివారు పెట్టిన నగల తూకము కావలెను. దస్తావేజు నకలు మైదానమునందలి రిజిస్ట్రారు కచ్చేరిలో నుండును. అచ్చటికి పోవుటకు దారి లేదు. ఇట్టివానిని, తేదీ దాటినదని శిక్షించుట న్యాయము కాదు. అసాధ్యమైనదానిని చేయుమని చట్టము బలవంతపెట్టదను సూత్రము న్యాయశాస్త్రమున పురాతనమైనది.

కేంద్ర చట్టముల విషయమున 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము 10వ విభాగము ఈ సూత్రమునకు ఒక సాదా రూపమిచ్చినది. చివరి దినమున కచ్చేరి మూసియున్నచో, తిరిగి తెరచిన మరుసటి దినమున దాఖలు చేసినను గడువులోపల చేసినట్లే. సంక్రాంతి సెలవులు జనవరి 15వ తేదీ ప్రాంతముననే వచ్చుటచేత ఇట్టి సౌకర్యపు విలువ ఉద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. లోక్‌పాల్, లోకాయుక్తల చట్టము మరియొక విధముగ చెప్పినది. ఆ చట్టము 2014 జనవరి 16న అమలులోనికి వచ్చెను. దాని 45వ విభాగము కఠినమైనది: ఉద్దేశపూర్వకముగ గాని, సమర్థింపరాని కారణమున గాని ఆస్తులను వెల్లడింపనియెడల, ఆ ఆస్తి అవినీతిచే ఆర్జింపబడినదనియే భావింపబడును, కాదని ఋజువు చేయుభారము ఉద్యోగిదే. 'సమర్థింపరాని కారణము' అన్నపుడు సమర్థింపదగిన కారణమును ఉండునని చట్టమే ఒప్పుకొన్నట్లు. తుపానుకంటె సమర్థింపదగిన కారణమేది? శిక్ష ఇంత తీవ్రమైనపుడు ఉపద్రవములో చిక్కినవానికి వ్యవధి ఇయ్యకుండుట అన్యాయమే యగును.

ఇంతవరకు వాదము ఒకవైపే నడచినది. రెండవవైపు ఇంతకంటె బరువైనది.

ఉపద్రవమువలన ఉద్యోగి చేతిలోని కాగితములు తడియును. ఆ దినములలోనే అతని చేతిమీదుగ ధనము ప్రవహించును. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము 50వ విభాగము, ముప్పు వచ్చినపుడు అధికారులు టెండర్లు పిలువకుండ అత్యవసర కొనుగోళ్ళు చేయవచ్చునని అనుమతించినది. ఇది సరియైన ఏర్పాటే. ఆకలితో నున్న ఊరికి బియ్యము, పైకప్పు లేని ఇంటికి టార్పాలిను పంపుటకు ముప్పది దినముల టెండరు ప్రకటన వేయుచు కూర్చుండుట అవివేకము. అయినను ఒక కావలి తలుపు అక్కడ తెరువబడినదనుట మరువరాదు. అదే చట్టము 53వ విభాగమున, సహాయార్థమైన సొమ్మును గాని వస్తువులను గాని స్వంతమునకు వాడుకొన్నవానికి రెండు సంవత్సరములవరకు శిక్ష విధించుట, తలుపు తెరచినవారికి దొంగభయము తెలియకపోలేదనుటకు నిదర్శనము. కాని శిక్షకు ముందు పట్టుబడుట అను మెట్టు ఒకటున్నది. టెండరు లేనిచోట, బిల్లులు హడావుడిగ వ్రాయబడినచోట, పట్టుకొనుటకు మిగులు ఆధారములు కొద్ది. వాటిలో ఒకటి ఆస్తిపత్రము.

కొనుగోళ్ళమాట అట్లుండగా, లెక్కింపు ఇంకను సూక్ష్మమైనది. కూలిన చెట్లెన్ని? పోయిన ఇండ్లెన్ని? పూర్తిగ పోయినదా, పాక్షికముగ పోయినదా? తోట ఎవరిది, సాగు ఎవరిది? ఒక ఉద్యోగి నోటుపుస్తకములో వ్రాసిన ఒక్క మాట ఒక కుటుంబమునకు పరిహారమిచ్చును, మరియొక కుటుంబమునకు లేకుండ చేయును. చదువురాని తోటయజమాని ఆ మాట సరిగ వ్రాయబడినదో లేదో తెలిసికొనలేడు. కొండ కొసన నున్న ఊరికి లెక్కించువారు వచ్చుటయే ఒక్కసారి. వారు మరల రారు. అట్టి సమయమున కలము పట్టినవాని నడవడియే గిరిజనునకు చట్టము.

మన్యపు చరిత్ర ఎరిగినవారికి ఇది కొత్తమాట కాదు. నర్సీపట్నమునుండి లంబసింగివైపు రోడ్డు వేసిన కాలమున గూడెం డిప్యూటీ తహశీల్దారుగా నుండిన బాస్టియన్, ఆ పనిలో కూలీలకు న్యాయమైన కూలి ముట్టనీయలేదను ఫిర్యాదు నుండెను. 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పితూరీకి దారితీసిన కారణములలో దానిని చరిత్రకారులు లెక్కించుదురు. సర్కారు పనిని చేయించువాడు, ఆ పనిపై లాభము తీయువాడు ఒక్కడే యైనప్పుడు కొండలలో ఏమగునో ఆ కథ తెలుపును. ఆస్తిపత్రపు నియమము ఆ రెండు వేషములను వేరుచేయుటకే పుట్టినది.

భూమి విషయమున మన్యమునకు ఇంకొక ప్రత్యేకత గలదు. 1959 నాటి 1వ రెగ్యులేషను 1970 నాటి 1వ రెగ్యులేషనుచే సవరింపబడి, ఏజెన్సీ భూమి గిరిజనేతరునకు బదిలీ కాకుండ నిషేధించినది. కాగితముమీద నిషేధమున్నను, ఒకరి పేర పట్టా, వేరొకరి చేత అనుభవము అను మాట ఏజెన్సీలో వినబడుచునే యున్నది. తుపాను తరువాత అప్పులపాలైన తోటయజమానికి భూమిని వదలుకొను ఆలోచన వచ్చు కాలమును, ఆ భూమిపై కన్నువేయువారి చేతిలో డబ్బు చేరు కాలమును ఒక్కటే. కనుక స్థిరాస్తుల పట్టిక ఒక పూట ఆలస్యమైనను ఏమి పోయినదని మైదానపు పట్టణములో అనవచ్చును గాని, ఇచ్చట అంత తేలికగ అనరాదు.

ఇప్పుడు దినములను లెక్కింతము. హుద్‌హుద్ వచ్చినది 2014 అక్టోబరు 12. రాష్ట్రోద్యోగుల ఆస్తిపత్రపు గడువు 2015 జనవరి 15. నడుమ 95 దినములు. బియ్యము పంచిన దినములును, చెట్లు లెక్కించిన దినములును, పరిహారపు జాబితాలు తయారైన దినములును, కాఫీకోత దినములును ఆ 95లోనే యున్నవి. అనగా ఆ జనవరిలో దాఖలు కావలసిన పట్టిక, సహాయకాలమును గర్భమున దాచుకొన్న పట్టిక. అన్ని ఏండ్ల పట్టికలలోను దేనిని వాయిదా వేయుట మిక్కిలి సులభముగ సమర్థింపబడునో, దానిని వాయిదా వేయుటయే మిక్కిలి నష్టకరము. గడువు పెంపు కోరుటకు కారణమైన తుపానే, గడువు పెంపు ఈయకుండుటకును కారణమగుచున్నది. ఈ ముడిని విప్పకుండ 'పాపము, తుపాను వచ్చినదిగదా' అని ఒక ఉత్తర్వు పారవేయుట దయ యనిపించుకొనును గాని పాలన యనిపించుకొనదు.

ఆ తుపాను కాలముననే, తుపానుతో సంబంధము లేకుండ, మరియొక గడువు పెంపుల కథ ఢిల్లీలో నడచుచుండెను. లోక్‌పాల్ చట్టపు 44వ విభాగముక్రింద ఉద్యోగులు తమ ఆస్తులనే గాక భార్యాభర్తల ఆస్తులను, తమపై ఆధారపడిన పిల్లల ఆస్తులను గూడ వెల్లడింపవలసి యుండెను. నియమములు 2014 జూలైలో వెలువడినవి. మొదటి గడువు 2014 సెప్టెంబరు 15. అది డిసెంబరు 31కి పోయెను. డిసెంబరు 31 రాకమునుపే 2015 ఏప్రిల్ 30కి పోయెను. అచ్చటినుండి అక్టోబరు 15కి, అచ్చటినుండి 2016 ఏప్రిల్ 15కి, అచ్చటినుండి జూలై 31కి, అచ్చటినుండి డిసెంబరు 31కి జరిగెను. ఆ జూలైలోనే పార్లమెంటు 44వ విభాగమును మార్చినది. ఆ మార్పు చట్టము పుట్టిన 2014 జనవరి 16నుండియే అమలైనట్లు భావింపబడెను. భార్యాబిడ్డల ప్రస్తావనయు, తేదీల నిర్ణయమును ఆ విభాగమునుండి తొలగినవి. ఆ డిసెంబరు మొదట, కొత్త నియమములు వచ్చువరకు దాఖలు చేయనక్కరలేదని కేంద్రము తెలిపెను. ఫారములు క్లిష్టముగ నున్నవనునది చెప్పబడిన కారణములలో నొకటి. ఉండవచ్చును. అయినను ఆరు మారులు జరిగిన తేదీ తుదకు తేదీయే కాకుండ పోయెను. గాలి లేదు, వాన లేదు. గడువు మాత్రము కొట్టుకొనిపోయినది. గ్రంథపాలకుని ఉపమానమునకు తిరిగి వచ్చినచో, అక్కడ జరిమానా మాఫీ కాలేదు, పుస్తకమే రిజిస్టరునుండి కొట్టివేయబడినది.

ఈ అనుభవమువలన ఒకటి స్పష్టము. గడువు పెంపు మంచిదా, చెడ్డదా అను ప్రశ్న వట్టిది. ఎంతకాలము, ఎవరికి, ఏ కారణమున, ఎవరు వ్రాసి యిచ్చిరి అనునవే ప్రశ్నలు.

ఇతర దేశములలోను ఈ చిక్కు లేకపోలేదు. అమెరికాలో వాటర్‌గేట్ ఉదంతము తరువాత 1978లో ప్రభుత్వ నీతి చట్టము వచ్చెను. పెద్ద పదవులలో నున్నవారు ఏటేట మే 15లోపల తమ ఆర్థిక వివరములు దాఖలు చేయవలెను. తగిన కారణము చూపినవానికి వ్యవధి ఈయవచ్చును గాని, మొత్తము 90 దినములకు మించి వీలు లేదు. యుద్ధరంగమున సేవ చేయువానికి మాత్రము వేరు లెక్క. పై హద్దును చట్టమే గీచుటచేత, తరువాత వచ్చు అధికారి దయాగుణము ఎంతటిదైనను ఆ గీటు దాటదు. మన సుప్రీంకోర్టువారు కోవిడ్ మహమ్మారి కాలమున చేసినదియు ఈ తీరుననే యున్నది. వ్యాజ్యములు దాఖలు చేయు గడువుల లెక్కలో 2020 మార్చి 15నుండి 2022 ఫిబ్రవరి 28వరకు గల కాలమును తీసివేసిరి. ఆ కాలమున గడువు ముగిసినవారికి 2022 మార్చి 1నుండి 90 దినములిచ్చిరి. మొదలు తెలిసినది, తుది తెలిసినది. దేశమంతయు స్తంభించినది కనుక దేశమంతటికి ఇచ్చిరి.

అయితే ఇంత దూరము పోనక్కర లేకుండ, మంచి నమూనా మన కొండలలోనే యున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టమునకు నియమములు 2008 జనవరి 1న వెలువడినవి. పోడుభూమిపై హక్కు కోరు గిరిజనుడు, గ్రామసభ పిలుపునిచ్చిన మూడు నెలలలోపల తన దరఖాస్తును సాక్ష్యములతో ఈయవలెను. 11వ నియమము అచ్చట ఒక వెసులుబాటు చేర్చినది: అవసరమని తోచినచో గ్రామసభ ఆ మూడు నెలల గడువును పొడిగింపవచ్చును, కాని కారణములు వ్రాతమూలకముగ నమోదు చేయవలెను. ఎంత చిన్న వాక్యము! గడువు పెంచు అధికారమును ఢిల్లీకి గాని, రాష్ట్ర రాజధానికి గాని ఈయక, చెట్టుక్రింద కూర్చుండు సభకిచ్చినది. ఇచ్చుచు, కారణము వ్రాయుమన్నది. 2012లో సవరింపబడిన నియమములనుబట్టి ఆ సభకు సభ్యులలో సగము మందియైన రావలెను. వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. ఆస్తిపత్రముల గడువును వరుసగ ఆరు మారులు జరిపిన పెద్ద కచ్చేరులకంటె, ఒక పెంపును కారణముతో తీర్మానపు పుస్తకములో వ్రాయించు గ్రామసభ నియమము ఈ విషయమున మెరుగు.

ఇచ్చట ఒక అనుబంధపు ప్రశ్న పుట్టును. ఉద్యోగికి వ్యవధి కావలెనన్నపుడు, అదే గాలివానలో ఇల్లు పోయిన గిరిజనునకు వ్యవధి ఎవరిచ్చుచున్నారు? నష్టపరిహారపు దరఖాస్తునకు తేదీ, అభ్యంతరము చెప్పుకొనుటకు తేదీ, బ్యాంకు ఖాతా వివరములిచ్చుటకు తేదీ, అన్నియు అతని నెత్తిమీదను ఉండును. ఘాటు రోడ్డు తెగినది అతనికిని కాదా? ఉద్యోగుల గడువును పెంచు ఉత్తర్వు వెలువడు దినముననే, అదే మండలములలోని ప్రజల గడువులను గూడ అంతే పెంచు ఉత్తర్వు వెలువడనిచో, తుపాను కచ్చేరిమీద మాత్రమే వీచినదనుకొనవలసి వచ్చును.

తుపాను తరువాత ఆస్తిపత్రపు గడువు పెంపు ఎట్లుండవలెను? వ్యవధి ఉపద్రవమునకు గురియైన మండలములకే చెందవలెను. అనంతగిరి, అరకు, డుంబ్రిగుడలలో చెట్లు కూలినచో దూరజిల్లాల ఉద్యోగికి గడువు పెరుగనక్కర లేదు. దినముల సంఖ్య ముందే చెప్పబడవలెను, రెండవమారు పెంచరాదు. పట్టికను ఆలస్యముగ ఇచ్చినను, అది పూర్వము నిర్ణయించిన తేదీనాటి ఆస్తులనే చెప్పవలెను. మార్చిలో వ్రాసినను డిసెంబరు 31 నాటి స్థితియే వ్రాయవలెను. ఆ మూడవది మిక్కిలి ముఖ్యము. తేదీతోపాటు లెక్కతేదీయు జరిగినచో, నడుమ కొన్నది అమ్మివేయుటకు, ఒకరి పేరనున్నది వేరొకరి పేర మార్చుటకు తావు దొరకును. కొనుగోలుకు, అమ్మకమునకు ముందుగ తెలుపవలెనను విధి మాత్రము ఒక్క దినమును సడలరాదు. ఇంటి కప్పు ఎగిరినవాడు ఆ వారములో కొత్త స్థలము కొనుచున్నాడనగా, తెలుపుటకు తీరిక లేదను మాట చెల్లదు.

సహాయనిధులను ముట్టినవారి విషయమున ఇంకొక మెట్టు ఎక్కవలెను. ఉపాధ్యాయునకు, గుమాస్తాకు, ఆసుపత్రి నర్సుకు ఉదారముగ వ్యవధి ఈయవచ్చును. కొనుగోలు బిల్లుపై సంతకము చేసినవానికి, నష్టపు జాబితా తయారుచేసినవానికి వ్యవధి ఉండరాదు. ఇందుకు ఎదురుమాట సిద్ధముగ నున్నది: ఆ దినములలో నిద్రాహారములు మాని పనిచేయువారు వారేగదా, వారికే తీరిక లేకుండుట సహజము గదా, ఎక్కువ పని చేసినవానికి తక్కువ వ్యవధియా? ఈ ఎదురుమాటలో సత్యమున్నది. కొండదారులలో కావడి మోసికొని బియ్యము చేర్చిన ఉద్యోగులు లేకపోలేదు. అట్టివారిని అనుమానపు కంటితో చూచుట కృతఘ్నత. కాని ఆస్తిపత్రము అనుమానపత్రము కాదు. నిజాయితీగల ఉద్యోగికి అదియే కవచము. తుపాను తరువాత ఊరూర పుకార్లు లేచును. టార్పాలినులు అమ్ముకొన్నాడని ఒకడనును, బియ్యము మాయమైనదని ఒకడనును. సకాలమున దాఖలైన పట్టిక ఒక్కటి ఆ పుకార్లకు సమాధానము చెప్పగలదు. అతనికి తీరిక లేనిచో ఒక గుమాస్తాను సాయమిచ్చి, తడిసిన దస్తావేజునకు నకలు ఉచితముగ తెప్పించి, పట్టిక నింపించుట ప్రభుత్వపు పని. వ్యవధిని పెంచుటకంటె సాయము పెంచుట మేలు.

ఇంతయు చెప్పినపిమ్మట ఒక చేదు నిజమును దాచరాదు. గ్రామీణుడు తన మండలపు ఉద్యోగి ఆస్తిపత్రమును చూడగోరినచో సామాన్యముగ చూడజాలడు. 2012 అక్టోబరులో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, ఉద్యోగి ఆస్తుల వివరములు అతని వ్యక్తిగత సమాచారమనియు, విశాలమైన ప్రజాప్రయోజనము చూపినగాని బయటపెట్టనక్కర లేదనియు తీర్పునిచ్చిరి. కనుక పట్టిక దాఖలైనదో లేదో అను సంగతియైన ప్రకటింపబడవలెను. లోపలి అంకెలు కాకపోయినను, ఎవరిచ్చిరి, ఎవరియ్యలేదు, ఎవరికి ఎన్ని దినముల వ్యవధి దొరికెను అను మూడు గడుల కాగితము మండల కచ్చేరి గోడపై అంటించుటవలన ఎవరి గౌరవమునకును భంగము రాదు.

అంకెలు చూడలేకపోయినను, డబ్బు ఎట్లు ఖర్చయ్యెనో చూచు హక్కు షెడ్యూలు ప్రాంతపు గ్రామసభకు మిగిలియున్నది. షెడ్యూలు ప్రాంతములకు పంచాయతులను విస్తరించిన 1996 నాటి చట్టము, పంచాయతి వెచ్చించిన నిధులకు గ్రామసభనుండి వినియోగపు ధ్రువపత్రము పొందవలెనని 4వ విభాగమున విధించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ విభాగము, సహాయపథకములలో ఎవరికెంత ముట్టెనో ఆ లబ్ధిదారుల వివరములను ఎవరు అడుగకుండగనే ప్రకటింపవలెనన్నది. తుపాను సహాయపు జాబితాను అరకువంటి ఊళ్ళలో గ్రామసభలో పెద్దగ చదివి వినిపింపవచ్చును. దాని నకలును గ్రంథాలయపు బల్లపై దినపత్రికలపక్కన నుంచవచ్చును. చదువువచ్చిన పిల్లవాడొకడు సాయంకాలము అచ్చట కూర్చుండి, కాఫీ తోటలనుండి తిరిగివచ్చు తాతలకు, అవ్వలకు వారి వారి పేర్లకెదురుగ నున్న అంకెలను చదివి చెప్పవచ్చును. కూలిన చెట్లు పదునెనిమిదైనచో జాబితాలో ఎనిమిదియే యున్నవని ఆ తోటయజమాని చెప్పినపుడు, ఆ మాటను వ్రాసికొనుటకు తీర్మానపు పుస్తకములో తెల్లకాగితములు ఇంకను చాలగలవు.